ఒక స్థానిక సహాయకురాలు

గోడ మీది పటంలో జూరిచ్ దగ్గర గీత మొదలవ్వాలి. పద్మ నిచ్చెన మీద నిలబడి అంటుకునే ఎర్రటి వినైల్ పట్టీ కొసను గోడకు ఆనించి బొటనవేలితో అదిమి పట్టింది. కింద హంసిక లెవెల్ చూసి, "ఓకే ఆంటీ, స్ట్రెయిట్‌గానే ఉంది" అంది. పద్మ వెనక కాగితాన్ని కొద్దికొద్దిగా ఊడదీస్తూ, ప్లాస్టిక్ పలకతో రుద్దుకుంటూ, స్విట్జర్లాండ్ కొండల్లోంచి రైన్ నది వెంబడి పైకి వచ్చింది. మధ్యలో గాలిబుడగ ఒకటి ఉబ్బింది. దాన్ని సూదితో పొడిచి, వేలితో నిమిరి, మళ్ళీ ముందుకు సాగింది.

వాళ్ళ కంపెనీ మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంది. మ్యూజియంలకు, ఎగ్జిబిషన్లకు గోడలు తయారుచేసి ఇస్తుంది. హంసిక డిజైనరు. అమెరికాలో పుట్టిన గుంటూరు వాళ్ళమ్మాయి, వయసులో చిన్నదే అయినా ఈ పనికి పెద్ద. పద్మ అతికించే మనిషి. ఆమె భర్త నోవైలో కారు సీట్లు చేసే కంపెనీలో ఇంజనీరు. ఆఫీసులో అందరూ అందర్నీ పేరు పెట్టే పిలుస్తారు కానీ, హంసికకి పద్మను అలా పిలవడానికి నోరు రాలేదు.

ఈ వారం పని ఉత్తర ఇండియానాలో, ఒక చిన్న ఊళ్ళోని మెన్నోనైట్ చరిత్ర కేంద్రంలో. ఆ క్రైస్తవ సంఘం పుట్టి ఐదు వందల ఏళ్ళయిందట. శనివారం ప్రారంభం. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద కార్ల మధ్య, కారు నడపని ఆమిష్ వాళ్ళ గుర్రపు బండ్లు వెళ్తూ కనిపిస్తాయి.

కేంద్రం డైరెక్టర్ లోయిస్ యోడర్ నిచ్చెన పక్కకొచ్చి నిలబడింది. అరవై దాటిన మనిషి. పొట్టిగా కత్తిరించుకున్న నెరసిన జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. తను చెప్పే కథ ఎన్నిసార్లు చెప్పినా విసుగు పుట్టని మనిషిలా ఉంది.

"ఈ ఎర్ర గీత మావాళ్ళు. చంటిపిల్లలకి కాదు, తెలిసి ఒప్పుకున్న పెద్దవాళ్ళకే బాప్తిస్మం ఇవ్వాలన్నారు. వాళ్ళు చేసిన నేరం అదొక్కటే. నీళ్ళే కదా మీకు కావలసింది అని ఎగతాళి చేసి నదిలో ముంచి చంపారు. మిగిలినవాళ్ళు కొండల్లో దాక్కున్నారు. అక్కణ్ణించి అల్సాస్, జర్మనీ పల్లెలు. అక్కడ మళ్ళీ తమలో తాము పోట్లాడుకున్నారు."

"దేనికి?" అంది హంసిక.

"సంఘం వెలి వేసినవాళ్ళతో కలిసి భోజనం చెయ్యొచ్చా, కూడదా అని. కూడదని గట్టిగా పట్టుబట్టినవాళ్ళు ఆమిష్ అయ్యారు. తర్వాత రెండు వర్గాలూ ఓడలెక్కి పెన్సిల్వేనియా వచ్చాయి." లోయిస్ తలెత్తి పద్మవైపు మర్యాదగా చూసింది. "మీకిదంతా వింతగా ఉండి ఉంటుంది. మీవాళ్ళు గంగలో మునుగుతారని విన్నాను."

"మునుగుతారు" అంది పద్మ, పట్టీని రుద్దుతూనే.

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. పద్మ అన్న పేరు చూసి నోవైలో తెలుగువాళ్ళు ఆమెను వరలక్ష్మి వ్రతానికి పిలుస్తారు. అమెరికన్లు దీపావళి శుభాకాంక్షలు చెబుతారు. ఒకరికి చెప్పడం మొదలుపెడితే, బళ్ళో అయ్యవారు రాసిన పేరు పద్మ, ఇంట్లో పేరు దీనా, మాది పాలమూరు జిల్లా అంటూ ఎక్కడికో పోవాలి. నిచ్చెన మీద నిలబడి చెప్పే సంగతి కాదు.

మధ్యాహ్నం లోయిస్ ఇంటినుంచి భోజనం తెచ్చింది. గాజు గిన్నెలో పప్పు, చీజ్, కూరగాయలు కలిపి కాల్చిన వంటకం. "మీరు మాంసం ముట్టరని నాకు తెలుసు" అంది సంతోషంగా.

ఆమె అటు వెళ్ళగానే హంసిక గొంతు తగ్గించి, "ఆంటీ, నిన్న మనం తిన్న చికెన్ వింగ్స్ గురించి చెప్పకండి ప్లీజ్. చాలా కష్టపడి చేసింది" అంది.

పద్మకు నవ్వొచ్చింది. తన గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం వడ్డించుకుంది.

మధ్యాహ్నం తర్వాత నీలి గీత. ఇది హాలండ్ నుంచి మొదలై పోలండ్ బురద నేలల మీదుగా రష్యా రాణి ఇచ్చిన గోధుమ పొలాలకు చేరుతుంది. మగపిల్లలు సైన్యంలో చేరక తప్పదన్న రోజు వచ్చాక, అక్కణ్ణించి సముద్రం దాటి కాన్సస్ వస్తుంది. తుపాకి పట్టబోమన్న మాట కోసం తరతరాలుగా ఎన్ని దేశాలు మారారో చిన్నప్పుడు ఆదివారపు బడిలో పద్మ వల్లె వేసింది. అక్కడ టీచరు గీసిన పటంలో రష్యా నుంచి కిందికి, హైదరాబాదు దాకా ఇంకో గీత ఉండేది. మెన్నోనైట్ దొరలు ఆ దారినే పాలమూరు వచ్చారని చెప్పేవాడు. ఈ గోడ మీద నీలి గీత కాన్సస్‌లో ఆగిపోయింది.

ఇండియా వేరే చోట ఉంది. బయటికి పోయే తలుపు పక్కన, 'దూర దేశాలలో సేవ' అన్న మూలలో. అక్కడికి ఫోటో పలకలు మోసుకొచ్చి ఒక్కొక్కటే కవరు విప్పుతూ పద్మ ఒకదాని దగ్గర ఆగిపోయింది.

నూరేళ్ళు దాటిన ఫోటో. ఎండకు కళ్ళు చికిలించిన తెల్లదొరసాని, ఆమె చేతిలో కళ్ళెం, కళ్ళేనికి ఒక పొట్టి గుర్రం. గుర్రానికి అవతల ఒక ఆడమనిషి. గోచీ పోసి కట్టిన ముతక చీర, భుజాన గుడ్డ సంచి, చేతిలో లాంతరు. కెమెరాను చూసి బెదరలేదు, నవ్వలేదు. గడ్డం కొద్దిగా ముందుకు పెట్టి నిలబడింది. పద్మకు అది తన తల్లి గడ్డం.

కింద లేబులు ఉంది: 'హెలెనా వీబే, తన గుర్రం ఫ్రిట్జ్‌తో. పక్కన ఒక స్థానిక సహాయకురాలు. హైదరాబాద్ రాజ్యం, ఇండియా.'

పద్మ రెండోసారి చదివింది. చేతి తొడుగులు విప్పి, మడిచి, జేబులో పెట్టుకుని లోయిస్ గదికి వెళ్ళింది.

"ఆ ఫోటోలో ఉన్నామె మా తాతమ్మ."

లోయిస్ కళ్ళజోడు తీసింది. "ఏ ఫోటో?"

"గుర్రం ఫోటో. మా అమ్మకు నాయనమ్మ. పేరు మార్తమ్మ. దొరసానితో ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పింది. మాది నాలుగు తరాలుగా మెన్నోనైట్ కుటుంబం. నేను పద్నాలుగేళ్ళప్పుడు వాగులో బాప్తిస్మం తీసుకున్నాను. ఎవరో అడిగితే కాదు, తెలిసి ఒప్పుకునే."

లోయిస్ కుర్చీలోంచి సగం లేచింది. ముఖం ఎర్రబడింది. పప్పు గిన్నె గుర్తొచ్చి ఉంటుంది, గంగ గుర్తొచ్చి ఉంటుంది. "నేను మిమ్మల్ని ఒక్క మాట కూడా అడగలేదు" అంది.

"పేరు రాయాలి" అంది పద్మ.

లోయిస్ తల ఊపింది. ఊపి ఆగింది. "రాయాలి. నిజమే. కానీ కమిటీ ఉంది. ఇదివరకు ఒకసారి ఫోటోలో మనిషిని తప్పుగా చెప్పి చాలా గొడవైంది. ఏదో ఒక ఆధారం..."

"గుర్రం పేరు ఫ్రిట్జ్ అని ఎట్లా తెలిసింది?"

"హెలెనా ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఉంది. గుర్రం గురించి చాలా..." లోయిస్ తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయింది. కళ్ళజోడు తాడును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "రేపు కమిటీ వాళ్ళతో మాట్లాడతాను" అంది.

సాయంత్రం మోటల్ బయట సిమెంటు బెంచీ మీద కూర్చుని పద్మ టెక్సస్‌లోని ఫ్రిస్కోకి వీడియో కాల్ చేసింది. పొద్దు ఇంకా చాలా ఉంది. అమ్మకు అక్క, ఏస్తేరు పెద్దమ్మ, అక్కడ కొడుకు దగ్గర ఉంటోంది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి, ఎనభై దాటినా జ్ఞాపకం చెక్కు చెదరలేదు. మార్తమ్మ చేతుల్లో పెరిగింది. ఫోన్ ఎప్పటిలాగే మరీ దగ్గరగా పట్టుకుంది. తెరమీద ఆమె నుదురు మాత్రమే కనిపిస్తోంది.

"పెద్దమ్మా, ఫోటో పంపిన, చూసినవా? అవ్వ దొరికింది!"

నుదురు పక్కకు జరిగింది. కళ్ళద్దాలు వెతుక్కుంటున్న చప్పుడు. మనవరాలు ఎవరో ఫోటోను పెద్దది చేసి ఇచ్చినట్టుంది. 

"పెద్దమ్మా?"

"ఈమె మా అవ్వ కాదే."

"సరిగ్గ చూడు. అమ్మ గడ్డం లెక్కనే..."

"గడ్డమే చూస్తున్న. గడ్డం మీద మూడు పచ్చబొట్లున్నయి చూడు. మా అవ్వకు ఒంటి మీద పచ్చబొట్టే లేకుండె. ఈమె చెన్నమ్మ."

"చెన్నమ్మ ఎవరు?"

పెద్దమ్మ నిట్టూర్చింది. "ఎందుకు బిడ్డా ఇప్పుడు. మా అవ్వకంటె ముందు దొరసానితోని తిరిగింది ఈమెనే. అందరికంటె బాగ చెప్తుండెనట వాక్యం. మొగడు పనికని బొంబాయి పోయి మల్ల రాలే. బతికిండో సచ్చిండో తెల్వది. ఏండ్లు చూసి చూసి ఇంకొకాయనను చేసుకున్నది. మొగడు బతికుండంగ చేసుకున్నదని సంఘం వెలేసిన్రు. సంచి, లాంతరు గుంజుకొని మా అవ్వకిచ్చిన్రు."

పార్కింగ్ లాటు చివర కొయ్యకు కట్టేసిన గుర్రమొకటి తోకతో ఈగల్ని తోలుకుంటోంది. పద్మ దానివైపు చూస్తూ వింది.

"నాకు మతికున్నది. నేను చిన్నపిల్లను. అప్పటికి ఆమె ముసల్ది. ఆదివారం ఆదివారం వచ్చి చర్చి బయట, కిటికి కింద కూసుంటుండె. లోపల పాడుతుంటె ఆమె బయటికెల్లి పాడుతుండె. ఎవ్వరం మాట్లాడకపోదుము. ఆమె ఇంట్ల నీళ్ళు తాగొద్దని మా అవ్వనే చెప్తుండె మాకు."

"మరి నేను పేరు చెప్పేసిన, పెద్దమ్మా. మార్తమ్మ అని."

"చెప్తె చెప్పినవు, ఉండనియ్యి." పెద్దమ్మ గొంతు ఒక్కసారి మెత్తబడింది. "మా అవ్వ ఫోటో ఒక్కటి లేదు దీనా మనకు. ఒక్కటి కూడ లేదు. ఆమె కూడ అట్లనే సంచేసుకొని తిరిగింది గద. ఆడ ఎవరికి ఎరుక? మన అవ్వ పేరే ఉండనియ్యి."

మరునాడు పొద్దున్న పద్మ గోడ పని చూసుకుంది. ఆమిష్ భాగంలో అక్షరాలు మిగిలాయి. చుట్టూ ఉన్న వినైల్‌ను సన్న కొనతో లాగి పారేస్తే అక్షరం మాత్రం నిలుస్తుంది. తొందరపడితే అక్షరం కాలు కూడా దాంతో వచ్చేస్తుంది. వెలి గురించి రాసిన ఆ వాక్యం దగ్గర ఆమెకు చాలా పొద్దు పట్టింది. హంసిక వచ్చి, "ఆంటీ, మీరు ఓకేనా? నిద్ర పట్టలేదా?" అంది. పట్టిందని చెప్పింది.

భోజనానికి ముందు లోయిస్ వచ్చింది. వెంట హంసిక, చేతిలో కొత్త లేబులు. లోయిస్ కమిటీలో ఒక్కొక్కరికీ స్వయంగా ఫోన్ చేసిందట. ఎవరూ కాదనలేదట. 'హెలెనా వీబే, మార్తమ్మ. భారత సంఘపు తొలి ఉపదేశకులలో ఒకరైన మార్తమ్మ కుటుంబం నేడు మిషిగన్‌లో ఉంది.'

"శనివారం మీరు దీని పక్కన నిలబడి మాట్లాడాలి" అంది లోయిస్. "ఈ కథలో ఆ భాగం మేం ఇన్నాళ్ళూ చెప్పనే లేదు. ఇది మన కథ."

ఇంగ్లీషులో మాకూ మనకూ ఒకటే మాట. నిన్న నిచ్చెన కింద నిలబడి చెప్పినప్పుడు అది 'మా'. ఇప్పుడు పద్మకు 'మన' అనే వినబడింది. ఈ దేశం వచ్చాక అలాంటి మాట ఎవరూ అనలేదు ఆమెతో.  లేబులు అందుకుంది. ఫోటో దగ్గరికి వెళ్ళి, పాతదాన్ని ఊడదీసి, కొత్తదాన్ని కింద అంచుకు సరిపెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది. వెనక కాగితం మూల లేపింది.

దగ్గరినుంచి ఇప్పుడు ఆ చుక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండు పక్కపక్కన, ఒకటి కింద. అంతసేపు చూసి కూడా నిన్న తనకు కనపడలేదు. గడ్డం ఒక్కటే కనబడింది.

పద్మ కాగితం మూలను మళ్ళీ అంటించేసింది.

"ఈమె మార్తమ్మ కాదు" అంది.

లోయిస్‌కు వెంటనే అర్థం కాలేదు. పద్మ మొత్తం చెప్పింది. బొంబాయి, రెండో పెళ్ళి, వెలి, లాంతరు చేతులు మారడం, కిటికీ కింద పాట. చెబుతున్నంతసేపూ లేబులును రెండు చేతులతో పట్టుకునే ఉంది. "ఈమె నాకేమీ కాదు. ఈమెతో మాట్లాడొద్దన్నది మావాళ్ళే. మా తాతమ్మే. మీరు పేరు రాయలేదని నిన్న మీ మీద కోపం చేశాను. మా ఇంట్లో ఆ పేరు పలకనే లేదు."

హంసిక చూపులు ఇద్దరి మధ్యా తిరిగాయి. లోయిస్ అక్కడే ఉన్న ఖాళీ పెట్టె మీద కూర్చుంది.

"మా అమ్మ ఆమిష్ ఇంట్లో పుట్టింది" అంది. "అక్కడ బాప్తిస్మం తీసుకుని, తర్వాత వదిలేసి మా నాన్నను చేసుకుంది. తాతగారింటికి వెళ్తే పిల్లలం మా అందరికీ పెద్ద బల్ల మీద భోజనం. అమ్మకి వేరే చిన్న బల్ల. రెంటికీ మధ్య ఇంతే సందు." రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి చూపించింది. "పైన రెంటికీ కలిపి ఒకటే గుడ్డ పరిచేది అమ్మమ్మ. పిల్లలకి తెలియకూడదని. ఒకరోజు నేను చెంచా పడిపోతే తీసుకుందామని కిందికి వంగాను. అప్పుడు చూశాను."

బయట ఎవరో పచ్చిక కోసే యంత్రం నడుపుతున్నారు. 

"మీ పెద్దమ్మగారి మాట ఆధారంగా సరిపోతుంది" అంది లోయిస్ లేస్తూ. "ఆమె పేరు నమోదు చేసుకోవచ్చా?"

"అడగాలి. వద్దంటుంది. నా పేరు వేసుకోండి."

"ఏం రాద్దాం?"

"చెన్నమ్మ. ఉపదేశకురాలు."

"అంతేనా? ఆ గోడ మీద వెలి గురించి అంత రాశాం, అదేదో పాతకాలం సంగతన్నట్టు. ఇక్కడ దాచడం ఎందుకు?"

పద్మ ఆలోచించింది. "రాయండి. కానీ ముందు ఆమె పని రాయండి. వెలి తర్వాత."

హంసిక లాప్‌టాప్ తెరిచింది. "ఆంటీ, స్పెల్లింగ్ చెప్పండి. రెండు ఎన్‌లా? పక్కన తెలుగులో కూడా పెడదామా? నాకు రాయడం రాదు, మీరు టైప్ చేయాలి." పద్మ ఆమె పక్కన కూర్చుని టైపు చేసింది. సాయంత్రానికి లేబులు ఫోటో కింద ఉంది. ఆమె దాని మీద మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిచి, పనిముట్లు పెట్టెలో సర్దుకుంది.

శనివారం పద్మ ఫోటో పక్కన నిలబడి మాట్లాడలేదు. లోయిస్సే చెప్పింది, ఉన్నదున్నట్టు. 'న్న' పలకలేక ప్రతిసారీ 'చెనమ్మ' అంటూనే చెప్పింది. నల్ల టోపీ పెట్టుకున్న ఆమిష్ ముసలాయన ఒకరు, ఆయన భార్య, అందరూ కదిలిపోయాక కూడా ఆ ఫోటో ముందు నిలబడ్డారు.  వెళ్ళేముందు ఆవిడ లేబులును వేలి కొసతో తాకింది.

తిరుగు దారిలో హంసిక వ్యాను నడుపుతోంది. రెండు వైపులా మొక్కజొన్న మోకాలెత్తు వచ్చింది. మిషిగన్ సరిహద్దు దాటాక పెద్దమ్మ ఫోన్ చేసింది. ఈసారి మామూలు కాల్.

"అయ్యిందా?"

"అయ్యింది పెద్దమ్మా."

"ఏం పేరు పెట్టిన్రు?"

పద్మ కిటికీలోంచి బయటికి చూసింది. "చెన్నమ్మ."

అవతల టీవీ చప్పుడు వినిపిస్తోంది. ఎవరో దాన్ని తగ్గించారు. పెద్దమ్మ తిడుతుందేమోనని పద్మ ఎదురుచూసింది.

"నీకొక మాట చెప్పలే దీనా" అంది పెద్దమ్మ. "చెన్నమ్మ ముని మనుమడు ఒకాయన ఈడనే ఉంటడు. హర్షవర్ధన్ అని. సాఫ్ట్‌వేర్ల చేస్తడు. మన తెలుగు చర్చికే వస్తడు, పెండ్లాం పిల్లలతోని. ఎనక వరుసల కూసుంటరు. వాళ్ళెవరో నాకెరుక. నేనెవరో వాళ్ళకెరుక."

"మాట్లాడవా?"

"ఏం మాట్లాడాల్నో తెల్వక. వచ్చి నాలుగేండ్లాయె వాళ్ళు." గొంతు సవరించుకుంది. "చిన్నప్పుడు వద్దన్నరని మాట్లాడలే. ఇప్పుడు ఎవరు వద్దన్నరు నన్ను? ఆ వద్దన్నోళ్ళందరు మన్నుల కలిసిపాయె."

పద్మ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"పాపం, ఆ పిల్లగానికి వాళ్ళ అవ్వ మొకం ఎట్లుంటదో తెల్వదు. ఫోటో పంపియ్యి. పేరు రాసి ఉన్నదే పంపు. మా వానితోని పెద్దగ ప్రింట్ తీపిస్త. రేపు ఆదివారమే గద, నా చేత్తోని నేనే ఇస్త."

"పంపిస్తున్న."

ఫోటో వెళ్ళింది. పెద్దమ్మ ఫోను పెట్టెయ్యలేదు, పక్కన పెట్టినట్టుంది. దూరంగా కోడలితో ఏదో అంటోంది. పద్మ ఫోనును చెవికి గట్టిగా ఆనించుకుంది.

"రేపు మధ్యాహ్నానికి బియ్యం జర ఎక్కువ పొయ్యి" అంటోంది పెద్దమ్మ. "మన బల్ల దగ్గరికి ఇంకో నాలుగు కుర్చీలు కావాలె."